ముట్లు ఆగాక ఎముకల బలం: క్యాల్షియం ఎక్కడ దారి తప్పుతోంది?

"పాలు తాగుతూనే ఉన్నాను, మాత్ర కూడా మానలేదు. అయినా ఎముకలు గుల్లబారాయన్నారు." యాభై దాటిన స్త్రీల నోట ఈ మాట తరచుగా వినిపిస్తుంది. వెంటనే ఇంకో మాత్ర రాయడం తేలికే. లోపం ఎక్కడుందో వెతకడానికే ఓపిక కావాలి. క్యాల్షియం చాలినంత తినకపోవచ్చు. తిన్నది ఒంటపట్టకపోవచ్చు. ఒంటపట్టినా ఎముకలో నిలవకపోవచ్చు. ఇవేవీ కాక, క్యాల్షియంతో సంబంధమే లేని బాధను దాని ఖాతాలో వేసుకుని ఏళ్లు గడిపేవారూ ఉన్నారు.

ఎముక జీవమున్న కణజాలం. పాత ఎముకను తొలిచే కణాలు, కొత్త ఎముకను పోసే కణాలు అందులో ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయి. తొలిచే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్ హార్మోను. ముట్లు ఆగే దశలో అది పడిపోతుంది, తొలవడం పోయడాన్ని మించిపోతుంది. ఆ తరువాతి 5 నుంచి 7 ఏళ్లలో కొందరిలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గవచ్చు. ఈ సంబంధాన్ని అమెరికన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే వివరించారు. అందుకే ఈ వయసులో క్యాల్షియం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. గండి పూడ్చకుండా చెరువులో ఎన్ని నీళ్లు పోసినా నిలవవు కదా.

ఒళ్లు నొప్పులు, కాళ్లు పీకడం, నడుము పట్టేయడం

"క్యాల్షియం తగ్గింది" అని అందరూ ముందుగా అనుకునేది ఇక్కడే, ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. ఎముకలు గుల్లబారడం తనంతట తాను నొప్పి పుట్టించదు. ఎముక విరిగేదాకా అది చప్పుడు చేయదు. రోజూ ఉండే నొప్పులకు కీళ్ల అరుగుదల, కండరాల బలహీనత, థైరాయిడ్ తేడా, నిద్రలేమి వంటి కారణాలు ఉండవచ్చు. వీటితోపాటు తప్పక చూడవలసింది విటమిన్ డి. అది బాగా తగ్గితే ఎముక మెత్తబడి నిజంగానే నొప్పి పుడుతుంది, తొడల కండరాలు బలహీనపడి కుర్చీలోంచి లేవడమూ మెట్లెక్కడమూ కష్టమవుతాయి.

రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే సాధారణంగా లోపంగా పరిగణిస్తారు. లోపం తీరాక రోజువారీ అవసరం 70 ఏళ్ల దాకా 600 యూనిట్లు, ఆపైన 800 అని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. పెద్ద మోతాదు మాత్రలను పరీక్ష లేకుండా నెలల తరబడి సొంతంగా వాడకండి. విటమిన్ డి మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగి కిడ్నీలకు హాని చేస్తుంది.

రక్తపరీక్షలో క్యాల్షియం బాగానే ఉంది, ఎముక మాత్రం పలచబడింది

ఈ రెండింటికీ పొంతన లేదనిపించి చాలామంది స్కాన్ తప్పని అనుకుంటారు. రెండూ నిజమే కావచ్చు. ఒంట్లోని క్యాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది అతి కొద్ది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా ఆ కొద్దీ ఒక స్థాయిలో నిలకడగా ఉండాలి. అది కాస్త తగ్గగానే మెడలో ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు మేలుకుని ఎముకలోంచి క్యాల్షియం తీయించి రక్తంలో లోటు పూడుస్తాయి. కాబట్టి డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య అంకె కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఆ అంకెను నిలబెట్టడానికే ఎముక ఖాళీ అవుతూ ఉండవచ్చు.

ఎముక సంగతి చెప్పేది డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రతను కొలిచే ఎక్స్‌రే పరీక్ష. మీ సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చెప్పే అంకె టి-స్కోరు. అది -1 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే మామూలు. -1కీ -2.5కీ మధ్య ఉంటే సాంద్రత తగ్గింది. -2.5 లేదా అంతకంటే కిందికి వస్తే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారినట్టే. 65 ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకీ ఈ స్కాన్ అవసరం. తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉంటే, మీ ముట్లు 45 ఏళ్ల లోపే ఆగి ఉంటే, ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలు మూడు నెలలకు మించి వాడి ఉంటే, బాగా సన్నగా ఉంటే, పొగ తాగే అలవాటుంటే ఆ వయసు దాకా ఆగకూడదు.

రక్తంలో క్యాల్షియం ఎక్కువగా కనిపిస్తే సంతోషించకండి. మాత్రలు ఆపి వెంటనే డాక్టరును కలిసి పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేయించుకోవాలి. ఆ గ్రంథి అతిగా పని చేసే జబ్బు ఈ వయసు స్త్రీలలోనే ఎక్కువ.

రోజూ గ్లాసు పాలు తాగుతున్నా సరిపోవడం లేదు

ఇది లెక్కలో వచ్చే లోపం. 50 దాటిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని అనేక దేశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. బ్రిటన్ పెద్దలందరికీ 700 చాలంటుంది. 250 మిల్లీలీటర్ల పాలలో ఉండేది సుమారు 300. అంత పెరుగులోనూ దాదాపు అంతే. టీ, కాఫీలలో పోసే పాలు లెక్కకు వచ్చేంత ఉండవు. మూడు రోజులు తిన్నదంతా కాగితం మీద రాసి చూడండి. చాలామందికి తమ అంచనాలో సగం కూడా అందడం లేదని తేలుతుంది.

ఆకుకూరల దగ్గర ఒక మెలిక ఉంది. పాలకూరలో క్యాల్షియం దండిగా ఉన్నా, అందులోని ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది. మనకు దక్కేది దాదాపు 5 శాతమే. పాల నుంచి దక్కేది 30 శాతం దాకా. బ్రకోలీ, క్యాబేజీ జాతి ఆకుల్లో ఆక్సలేట్ తక్కువ కనుక వాటి క్యాల్షియం పాలకంటే మెరుగ్గానే ఒంటపడుతుంది. పాలు పడనివారు పెరుగు ప్రయత్నించవచ్చు, అందులో లాక్టోజ్ (పాలలోని చక్కెర) కొంత విరిగిపోయి ఉంటుంది. ముళ్లతో సహా తినే చిన్న చేపలు, క్యాల్షియం లవణంతో తయారైన టోఫూ, నువ్వులు కూడా లోటు తీరుస్తాయి. సోయా పాలు, బాదం పాలు కొనేటప్పుడు క్యాల్షియం కలిపినవేనా అని చూసి, డబ్బాను బాగా కుదిపి పోసుకోండి. కలిపిన క్యాల్షియం అడుగున పేరుకుపోతుంది.

ఉప్పు తగ్గించండి. ఒంట్లోకి ఎక్కువ సోడియం చేరితే మూత్రంలో క్యాల్షియం కూడా ఎక్కువగా పోతుంది.

మాత్ర పడడం లేదు, లేదా పని చేస్తున్నట్టు లేదు

ముందు సీసా మీది అంకెను సరిగా చదవండి. 1250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్‌లో అసలు క్యాల్షియం 500 మాత్రమే, అంటే 40 శాతం. సిట్రేట్‌లో అది 21 శాతమే. ఒకేసారి 500 మించితే ఒంటపట్టే వాటా తగ్గిపోతుంది కనుక, అంతకంటే ఎక్కువ అవసరమైతే రెండు పూటలకు విడగొట్టాలి. కార్బొనేట్‌కు కడుపులో ఆమ్లం కావాలి, అందుకే భోజనంతోనే వేసుకోవాలి. గ్యాస్ కోసం పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రోజూ వాడేవారికి అది సరిగా ఒంటపట్టదు. వారికి సిట్రేట్ మేలు, దాన్ని ఎప్పుడైనా వేసుకోవచ్చు. కార్బొనేట్‌తో మలబద్ధకం, కడుపు ఉబ్బరం వస్తున్నవారికీ అదే ఉపాయం.

వేళల గొడవ కూడా చూడండి. థైరాయిడ్ మాత్రకూ క్యాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ అంకెలు అకారణంగా చెదిరినప్పుడు నేనైతే మొదట అడిగే ప్రశ్న, క్యాల్షియం ఎప్పుడు వేసుకుంటున్నారని. ఐరన్ మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మాత్ర అసలు అవసరమా? తిండిలో 800 అందుతుంటే లోటు 400 మాత్రమే. దానికోసం 1000 మింగడం అనవసరం. తిండీ మాత్రా కలిపి 2000 దాటకూడదు.

కిడ్నీలో రాళ్లు వస్తాయని భయం

తిండిలోని క్యాల్షియం విషయంలో భయం అక్కర్లేదు. అది పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది కనుక రాళ్ల ముప్పు తగ్గుతుంది. మాత్రల సంగతి వేరు. అమెరికాలో 36,000 మందికి పైగా ముట్లుడిగిన స్త్రీలపై జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశీలన ఫలితాలు 2006లో వచ్చాయి. రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవారిలో రాళ్లు 17 శాతం ఎక్కువగా కనిపించాయి. తుంటి సాంద్రత కొద్దిగా మెరుగైంది గానీ తుంటి విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇంతకుముందు రాళ్లు వచ్చినవారు మాత్ర మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఆ మాట చెప్పి తీరాలి.

ఎత్తు తగ్గింది, వీపు వంగుతోంది

దీన్ని వయసు మీద తోసేయకండి. యవ్వనంలోని ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూస నలిగిందేమోనని అనుమానించాలి. వెన్నుపూస పగుళ్లలో ఎక్కువ భాగం మనిషికి తెలియకుండానే జరిగిపోతాయి. వెన్నెముకకు పక్కనుంచి తీసే ఎక్స్‌రే, దానితోపాటు డెక్సా అవసరం. ఫలితం తెలిసేదాకా ముందుకు వంగి బరువులెత్తడం మానండి.

నిలబడ్డ చోటునుంచి పడితేనే మణికట్టు విరిగింది

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. కట్టు కడతారు, ఆరు వారాలకు విప్పుతారు, కథ ముగిసిందంటారు. ఈ ఎముక ఇంత తేలికగా ఎందుకు విరిగిందని ఎవరూ అడగరు. నిలబడ్డ ఎత్తునుంచి పడితే గట్టి ఎముక విరగకూడదు. అలా ఒకసారి విరిగితే తరువాతి రెండేళ్లలో మరో ఎముక విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. కట్టు విప్పే రోజునే డెక్సా, విటమిన్ డి, క్యాల్షియం, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు అడగండి.

ఆస్టియోపొరోసిస్ అని తేలితే క్యాల్షియంతో సరిపెట్టుకోవద్దు, గండి పూడ్చే మందులు ఉన్నాయి. అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున, మామూలు నీళ్లతో మింగి అరగంట పాటు పడుకోకుండా ఉండాలి. క్యాల్షియం మాత్రను ఆ తరువాతే వేసుకోవాలి. జొలెడ్రొనిక్ ఆమ్లం సాధారణంగా ఏడాదికోసారి నరంలోకి ఎక్కిస్తారు. డెనొసుమాబ్‌ను ఆరు నెలలకోసారి చర్మం కింద ఇస్తారు. ఈ రెండు ఇంజెక్షన్లకు ముందు ఒంట్లో క్యాల్షియం, విటమిన్ డి చాలినంత లేకపోతే రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, కాబట్టి లోటు ముందే తీర్చాలి. డెనొసుమాబ్ మొదలుపెట్టినవారు తరువాతి ఇంజెక్షన్ తేదీని క్యాలెండరులో రాసుకుని ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. దాన్ని మధ్యలో మానేస్తే తగ్గిన అరుగుదల ఒక్కసారిగా విజృంభించి, వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదం ఉంది. ఆపవలసి వస్తే దాని స్థానంలో ఏ మందు ఇస్తారో ముందుగానే అడిగి తెలుసుకోండి.