పీడీఎఫ్ నొక్కితే డబ్బులడుగుతోందా? ముందు పేజీ పైభాగం చూడండి

కాలేజీ లైబ్రరీ చందా కట్టిన ఈ-జర్నల్‌లో వ్యాసం సారాంశం దాకా బాగానే వస్తుంది. పీడీఎఫ్ నొక్కగానే కొనుక్కోమంటుంది. చందా అయిపోయిందని పబ్లిషర్‌కి మెయిల్ పెట్టేముందు ఆ పేజీ పైన మీ కాలేజీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే మీరెవరో ఆ సైటుకి తెలియలేదన్నమాట, అది మిమ్మల్ని కాలేజీ ఇంటర్నెట్ చిరునామా (ఐపీ) చూసి గుర్తుపడుతుంది. ఫోన్ వైఫై వదిలేసి మొబైల్ డేటా మీద ఉంటుంది, లేదా బ్రౌజర్‌లో మీ ఐపీని దాచే ఉచిత వీపీఎన్ నడుస్తుంటుంది. చాలామటుకు ఇక్కడే తేలిపోతుంది. అయినా ఇది చూడకుండానే కంప్లైంట్ రాసేస్తారు.

పేరుండీ రాకపోతే, ఆ సంచిక మన చందాలో లేని పాత సంవత్సరానిదేమో చూడండి.

అసలు తంటా వేరే ఉంది. ‘పొద్దున వచ్చింది, ఇప్పుడు రావట్లేదు’, ‘పక్క సిస్టంలో వస్తోంది, నా దాంట్లో లేదు’ అంటారు. ఈ మాట వినగానే నెట్‌వర్క్ వాళ్లని ఒక్కటే అడగండి: ఇంటర్నెట్ లైన్లు ఎన్ని? రెండో లైను తీసుకుని ఫైర్‌వాల్‌లో (క్యాంపస్ నెట్‌వర్క్ గేటు) లోడ్ బ్యాలెన్సింగ్, అంటే కనెక్షన్లని రెండు లైన్లకీ పంచడం, పెట్టేస్తారు, లైబ్రరీకి మాత్రం చెప్పరు. పబ్లిషర్ దగ్గర నమోదైంది మొదటి లైను ఐపీ ఒక్కటే. రెండో లైన్లో పడినవాళ్లంతా వాళ్లకి బయటివాళ్లే. కుకీలు తుడిచి, బ్రౌజర్ మార్చి చూస్తే ఒక్కోసారి వచ్చేస్తుంది కూడా. బాగుపడి కాదు, ఈసారి కనెక్షన్ మొదటి లైన్లో పడి. దాంతో ‘సాల్వ్డ్’ అని రాసుకుంటారు, మర్నాడు మళ్లీ మొదలు.

‘వాట్ ఈజ్ మై ఐపీ’ సైటు చూసి సరిపెట్టుకోకండి. ఆ సైటుకి ఒక లైను, జర్నల్ సైటుకి ఇంకో లైను పడొచ్చు. కొందరు పబ్లిషర్లు తిరస్కరించిన పేజీ అడుగునే తమకి కనిపించిన ఐపీ చూపిస్తారు, దాన్ని నమ్మండి. అది లేకపోతే రెండో లైనుని ఓ 10 నిమిషాలు ఆపించి, బ్రౌజర్ మూసి తెరవండి. అన్ని సిస్టంలలో వస్తే దొంగ దొరికినట్టే.

రెండో లైనుకీ స్టాటిక్ (మారని) ఐపీ ఉంటే రెండూ నమోదు చేయించండి. మారిపోయే ఐపీ అయితే నమోదు దండగ. జర్నల్ సైట్ల ట్రాఫిక్ మొదటి లైను మీదే వెళ్లేలా ఫైర్‌వాల్‌లో రూల్ పెట్టించాలి. 192.168తో మొదలయ్యే లోపలి ఐపీ నంబరు మాత్రం పబ్లిషర్‌కి పంపకండి, అది మీ గోడ దాటి కనిపించదు. క్యాంపస్‌లో కొత్తగా ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) ఆన్ చేసినా లక్షణాలు ఇవే, ఆ రేంజి కూడా ఇవ్వాలి.

కాలేజీలకి ఈ-జర్నళ్లు, ఈ-బుక్‌లు ఇచ్చే ఇన్‌ఫ్లిబ్‌నెట్ పథకం ఎన్-లిస్ట్‌కి ఈ గొడవ లేదు, అది యూజర్ ఐడీతో నడుస్తుంది. కానీ లాగిన్ అయ్యాక అక్కడి జాబితాలోంచే జర్నల్‌కి వెళ్లాలి, గూగుల్‌లో వెతికి కాదు.

ఈ-బుక్ ‘వాడుకలో ఉంది’ అంటే ఒకేసారి చదివేవాళ్ల పరిమితి నిండింది, కాసేపాగండి. క్యాంపస్ మొత్తానికి ఒకే సైటు ఆగిపోతే ఎవరో వందలకొద్దీ పీడీఎఫ్‌లు ఒక్కసారిగా దించుంటారు, దాంతో పబ్లిషర్ ఆపేసుంటారు. పబ్లిషర్ నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చిందేమో స్పామ్‌లో కూడా చూడండి.