చెవి కింద వాపా? పట్టు వేసేముందు చేత్తో చూడండి

మా కోనసీమలో చెవి చుట్టుపక్కల ఏది వాచినా గవదలే అంటారు. వెంటనే మెడలో బంగారు గొలుసు వేస్తారు, పైన ఏదో పట్టు వేస్తారు. ఏఎన్ఎంగా ముప్పై ఏళ్ళు లంకల్లో తిరిగాను. గొలుసుతో నాకు పేచీ లేదు. పట్టు వేస్తే మాత్రం కింద ఏముందో వేలికి తెలియదు.

బిడ్డని వెలుతురొచ్చే అరుగు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు వైపులా ఒకేసారి వేళ్ళ కొసలతో మెల్లగా తడమండి. చింతపండులో పిక్క వెతికినట్టు తిప్పుతూ చూడాలి, గట్టిగా నొక్కకూడదు. చెవి ముందు, చెవి వెనక, దవడ కింద, మెడ పక్కన, చివరికి మెడ కింద భుజం వైపు పోయే కాలర్ ఎముక పైన ఉండే గుంటలో.

గవదలైతే వాపు చెవి ముందు నుంచి కిందకి ఉబ్బి తమ్మెని పైకి లేపుతుంది. దవడ మూల ఎముక వేలికి అందదు. పుల్లటిది నోట్లో పడితే పిల్లాడు విలవిల్లాడతాడు. ఇది వైరస్, యాంటీబయాటిక్‌కి లొంగదు. గంజి, మజ్జిగన్నం, బరువుకి తగ్గ పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు. వాపు కనబడ్డాక 5 రోజులు బడికి పంపకండి. వృషణాలు వాచినా, మెడ బిగిసి వాంతులైనా, చెవి వినపడకపోయినా ఆసుపత్రికే. "టీకాలన్నీ వేయించాం కదమ్మా" అంటారు తల్లులు. మేం వేసే ఎంఆర్‌లో తట్టుకీ రుబెల్లాకీ ఉంది, గవదలకి లేదు. దానికి ఎంఎంఆర్ కావాలి.

శనగగింజలా వేలి కింద జారితే అది బిళ్ళ, అంటే వాచిన లింఫు గ్రంథి. బిళ్ళకి మందు వెతక్కండి, అది ఎందుకు కట్టిందో వెతకండి. ఒకసారి ఒక పిల్లని గొలుసు వేసి మరీ తెచ్చారు. చెవుల వెనక మూడేసి బిళ్ళలు. జడలు విప్పితే నెత్తంతా పేలు, గోకి గోకి పుళ్ళు! పేలు పోయి పుళ్ళు మానాక బిళ్ళలూ కరిగాయి. దవడ కిందైతే నోట్లో టార్చి వేసి పుచ్చుపన్ను చూడండి. అన్నం తినేటప్పుడు ఉబ్బి, గంటా రెండు గంటల్లో తగ్గిపోతే లాలాజలం గొట్టంలో రాయి ఉండొచ్చు.

నేనూ తప్పు చేశాను. ఒకామెకి మెడ పక్కన పూసలు గుచ్చినట్టు బిళ్ళలు, నొప్పి లేదు. జలుబుకి కట్టాయిలే అన్నాను. రెండు నెలలు పోయాక సూదితో తీసి పరీక్ష చేస్తే గండమాల, అంటే క్షయ. ప్రభుత్వ మందులు ఉచితమే, ఆరు నెలలు వాడింది, నయమైంది. కానీ ఆ రెండు నెలలు నావల్లే పోయాయి. అప్పట్నుంచి బిళ్ళ చూసిన రోజు వాళ్ళింటి క్యాలెండర్ మీదే సున్నా చుట్టి వస్తున్నాను. రెండు వారాలకి తగ్గకపోయినా, పెరుగుతున్నా, సాయంత్రం జ్వరమొస్తున్నా, మనిషి చిక్కిపోతున్నా డాక్టర్ దగ్గరికే.

చుట్ట కాల్చే తాతకి మెడలో రాయిలా కదలని బిళ్ళ కనిపించినా, ఎవరికైనా కాలర్ ఎముక పై గుంటలో బిళ్ళ తగిలినా క్యాలెండర్ జోలికి పోవద్దు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించండి.