మాస్టోడాన్‌లో సర్వర్ మార్చినప్పుడు ఫాలోవర్లు రాకపోతే

మాస్టోడాన్ అంటే వేర్వేరు సర్వర్లు కలిసి నడిచే సోషల్ నెట్‌వర్క్. అందులో సర్వర్ మారి, ఫాలోవర్లని కొత్త ఖాతాకి తెచ్చుకుందామని పాత ఖాతాలో ‘వేరే ఖాతాకు మారడం’ నొక్కితే ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. చిక్కల్లా వరుసలోనే. ముందు కొత్త ఖాతాలోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద, పాత ఖాతాని అలియాస్‌గా, అంటే ‘అదీ నాదే’ అని, చేర్చాలి. యూజర్‌నేమ్ ఒక్కటే కొడితే చాలదు, అట్ గుర్తు తర్వాత సర్వర్ పేరు కూడా ఉండాలి. ఈ ఒప్పుదల లేకుంటే ఎవరి ఫాలోవర్లనైనా ఎవరైనా తోలుకుపోవచ్చు కదా, అందుకే ఈ మెలిక. అలియాస్ పెట్టాక పాత ఖాతా నుంచి పాస్‌వర్డ్ ఇచ్చి మళ్లీ నొక్కితే పని అయింది.

‘నేను మారాను’ అనే కబురు ఫాలోవర్ల సర్వర్లకి పంపేది పాత సర్వరే. అది మూతపడ్డాక చేయగలిగిందేమీ లేదు.

మనం ఫాలో అయ్యేవాళ్లు మాత్రం వాళ్లంతట వాళ్లు రారు. పాత ఖాతాలో ఎక్స్‌పోర్ట్ నుంచి వాళ్ల జాబితా ఉన్న సీఎస్‌వీ ఫైల్ దించుకుని, కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయాలి. అక్కడ ‘మెర్జ్’ ఎంచుకోండి. ‘ఓవర్‌రైట్’ కొడితే కొత్త ఖాతాలో అప్పటికే ఫాలో అయినవాళ్లు ఎగిరిపోతారు. బ్లాకులకీ, మ్యూట్‌లకీ, బుక్‌మార్కులకీ వేర్వేరు ఫైళ్లు.

పాత పోస్టులు ఎలాగూ రావు. ఆర్కైవ్ (వాటి కాపీ ఉన్న ఫైల్) దించి దాచుకోవడమే, అదీ 7 రోజులకోసారే అడగనిస్తుంది. ఒకసారి మారాక 30 రోజుల దాకా మళ్లీ మారనివ్వదు, సర్వర్ ఎంపిక ముందే తేల్చుకోండి.