అంబులెన్స్‌లో స్ట్రోక్ పేషెంట్‌కి అల్ట్రాసౌండ్ పెట్టే ముందు

డ్యూటీ ఎక్కగానే ప్రోబ్ (తలకి ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) చార్జింగ్ చూస్కోండి, జెల్ సీసా కూడా, నాలుగుసార్లు చూసినా ఎప్పుడో ఒకసారి ఖాళీదే చేతికొస్తుంది.

ప్రోబ్ కంటే ముందు గ్లూకోమీటర్. షుగర్ పడిపోయినా మాట ముద్దగా వస్తుంది, చెయ్యి లేవదు, అచ్చం స్ట్రోక్ లాగే ఉంటుంది. "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు చూశారమ్మా" అని ఇంట్లోవాళ్ళని అడిగి టైం రాసేస్కోండి, నిద్రలేచేసరికే ఇలా ఉంటే పడుకున్న టైమే లెక్క, మెదడు నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే కదా.

స్కాన్ కోసం బండి ఆపొద్దు. జర్మనీలో రేగెన్స్‌బుర్గ్ దగ్గర ట్రై చేసినప్పుడు సగటున 5, 6 నిమిషాలు పట్టింది, అదీ చెయ్యి తిరిగినవాళ్ళకి. కణత మీద, చెవికి కొంచెం ముందు పెట్టాలి, కొందరికి, ముఖ్యంగా వయసు పైబడిన ఆడవాళ్ళకి, అక్కడ ఎముక అడ్డొచ్చి ఏమీ కనపడదు, ఫ్లో (మెదడు నాళాల్లో రక్తం పారడం) కనపడలేదు కాబట్టి రక్తనాళం మూసుకుపోయిందని రాసెయ్యకండి.

ఇంకోటి, ఫ్లో బాగుంది కదా అని మెదడులో రక్తస్రావం లేదనుకోవద్దు, అది హాస్పిటల్లో సీటీ తీస్తేనే తేలేది, అప్పటిదాకా ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు.