నాయిజ్ సర్క్యూట్‌కి కరెంటు ఇచ్చే ముందు

సింథసైజర్ కోసం ఇంట్లో కట్టుకునే మాడ్యూళ్లలో నాయిజ్ సర్క్యూట్, అంటే హోరు శబ్దం పుట్టించేది, చాలా చిన్నది. ఒక ట్రాన్సిస్టర్, సిగ్నల్‌ని పెంచే ఆప్-ఆంప్ చిప్ ఒకటి, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. టంకం లేకుండా పార్టులు గుచ్చే బ్రెడ్‌బోర్డ్ మీద ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. కానీ మిగతా వాటికి లేని చిక్కు దీనికి ఒకటుంది. ఆసిలేటర్ తప్పుగా కడితే మోగదు, లేదా అపస్వరం పలుకుతుంది, వెంటనే తెలిసిపోతుంది. నాయిజ్ సర్క్యూట్ తప్పుగా కట్టినా హోరు వస్తుంది.

నా మొదటి సర్క్యూట్ సంగతి అదే. స్పీకర్లో జల్లుమనగానే పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత వేరేది వేసి చూద్దామని ట్రాన్సిస్టర్‌ని సాకెట్లోంచి పీకాను. హోరు ఆగలేదు! అన్నాళ్లూ నేను విన్నది ఆప్-ఆంప్ వంద రెట్లు పెంచి ఇచ్చిన అడాప్టర్ రొద. అందుకే ఈ జాగ్రత్తలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: వినిపించే హోరు ఎక్కడిది?

ముందు సిమ్యులేషన్. చాలామంది ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ బొమ్మ గీసి, రన్ కొట్టి, అవుట్‌పుట్‌లో సాఫీ గీత చూసి సర్క్యూట్ తప్పనుకుంటారు. తప్పు సర్క్యూట్‌ది కాదు. ఈ నాయిజ్ పుట్టేది ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంక్షన్‌ని తలకిందులుగా కట్టి బ్రేక్‌డౌన్‌లోకి, అంటే వోల్టేజీకి లొంగి ఉల్టాగా కరెంటు పారనిచ్చే స్థితికి, నెట్టినప్పుడు. మామూలుగా దొరికే ట్రాన్సిస్టర్ మోడళ్లలో ఆ బ్రేక్‌డౌన్ ఉండదు. ఎమిటర్ మనమిచ్చిన 12 వోల్టుల సప్లై దగ్గరే కూర్చుంటుంది. సిగ్నల్ కాలంతో ఎలా మారుతుందో చూపే ట్రాన్సియెంట్ అనాలిసిస్ కూడా మామూలుగా పార్టుల నాయిజ్‌ని లెక్కలోకి తీసుకోదు. నాయిజ్ అనాలిసిస్ నడిపినా అందులో ఆ బ్రేక్‌డౌన్ హోరు రాదు, రెసిస్టర్ల వేడి నాయిజ్‌లాంటివే వస్తాయి. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి 20 కిలోహెర్ట్జ్ దాకా లెక్కేస్తే అది 6 మైక్రోవోల్టులు కూడా ఉండదు. అసలు జంక్షన్ ఇచ్చేది మిల్లీవోల్టుల్లో, మంచిది తగిలితే పదుల మిల్లీవోల్టుల్లో. ఆ చిన్న అంకె చూసి గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచాలో, పెట్టుకుంటే అవుట్‌పుట్ పైనా కిందా కత్తిరించుకుపోతుంది.

కాబట్టి ట్రాన్సిస్టర్‌ని సిమ్యులేటర్‌కి వదలకండి. దాని స్థానంలో సూత్రం రాస్తే ఆ ప్రకారం వోల్టేజీ ఇచ్చే బి-సోర్స్ పెట్టి, వైట్ అనే ఫంక్షన్‌లో టైమ్‌ని లక్షతో హెచ్చించి రాయండి. పది మైక్రోసెకన్లకొక కొత్త విలువ వస్తుంది. మ్యాగ్జిమమ్ టైమ్‌స్టెప్‌ని ఒకటి రెండు మైక్రోసెకన్లకు బిగించకపోతే సిమ్యులేటర్ మధ్యలో విలువలు దాటేస్తుంది. రెండు సోర్సులు కావాలంటే రెండో దానిలో టైమ్ లెక్కకి ఒక పెద్ద సంఖ్య కలపండి, లేకపోతే రెండూ అచ్చంగా ఒకటే హోరు పలుకుతాయి. ఎన్‌జీస్పైస్ అనే ఇంకో సిమ్యులేటర్ వాడేవారికి ట్రాన్సియెంట్‌లోనే నాయిజ్ ఇచ్చే సోర్స్ ఉంది. వేవ్ ఫైల్‌గా రాసుకుని వినాలనుకుంటే సిగ్నల్ ఒక వోల్టు దాటకుండా తగ్గించండి, పైన ఉన్నదంతా కత్తిరించుకుపోతుంది.

సిమ్యులేటర్ అసలు విలువ ఫిల్టర్ల దగ్గర. పై స్థాయి తగ్గించిన మెత్తటి హోరు, పింక్ నాయిజ్ కావాలంటే ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, 3 డెసిబెల్స్ తగ్గాలి. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసిన ఒక్క ఆర్‌సీ జత 6 తగ్గిస్తుంది. అందుకే నాలుగైదు జతలు నిచ్చెనలా పేరుస్తారు. ఆ విలువలు తెర మీద సరిచూసుకున్నాకే కెపాసిటర్లు కొనండి.

ఇక ట్రాన్సిస్టర్ కాళ్లు. నాకు తెలిసి ఎక్కువ నాయిజ్ సర్క్యూట్లు పోయేది ఇక్కడే. చదునైన వైపు మీకేసి తిప్పి, కాళ్లు కిందికి పెడితే బీసీ547 రకం ట్రాన్సిస్టర్‌కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. కోఠీ గుజరాతీ గల్లీలో ఒకటి అడిగితే ‘అది లేదు, ఇది తీసుకోండి, రెండూ ఒకటే’ అని రెండోది చేతిలో పెట్టేవారుంటారు. ఆంప్లిఫైయర్‌కి సరిపోవచ్చు గానీ కాళ్లు ఒకటి కాదు. తిరగేసి పెడితే 12 వోల్టులు కలెక్టర్-బేస్ మధ్య పడతాయి. ఆ జంక్షన్ 50 వోల్టులకు పైన గాని లొంగదు. ఫలితం నిశ్శబ్దం, లేదా నాకు జరిగినట్టు దొంగ హోరు.

దీనికి మల్టీమీటర్ చాలు. కలెక్టర్ కాలు గాలికి వదిలేసి, 12 వోల్టుల నుంచి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఎమిటర్‌కి, బేస్ నుంచి గ్రౌండ్‌కి కలపండి. ఎమిటర్, బేస్ మధ్య వోల్టేజీ కొలవండి. 7 నుంచి 9 మధ్య నిలిస్తే జంక్షన్ బ్రేక్‌డౌన్‌లో ఉంది. దాదాపు 12 చూపిస్తే కాళ్లు తప్పు, లేదా ఎక్కడో వైరు లూజు. 0.6 చూపిస్తే తిన్నగా పెట్టేశారు, తిప్పండి. ఆప్-ఆంప్ తగిలించే ముందు ఈ ఒక్క కొలత చూసుకోండి.

ఆ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ రంగులు రెండుసార్లు చదవండి. దాంతో సుమారు 40 మైక్రోఆంపియర్లే పారతాయి. పొరపాటున 100 ఓమ్‌లు పెడితే 40 మిల్లీఆంపియర్లు పారి జంక్షన్ కాలుతుంది.

అన్ని ట్రాన్సిస్టర్లూ ఒకేలా పలకవు. ఒకే కవర్లోవి పది తీసినా ఒకటి గరగరమంటుంది, ఒకటి వర్షంలా సన్నగా కురుస్తుంది. బోర్డు మీద టంకం పెట్టకుండా సాకెట్ వేసి ఏరుకోండి. రోలాండ్ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో ఆ చుర్రుమనే శబ్దం కోసం లోపమున్న ట్రాన్సిస్టర్లనే ఏరి కొన్నామని సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి చెప్పారు.

పవర్ దగ్గర 9 వోల్టుల బ్యాటరీ ఒక్కటి నమ్ముకోకండి. కొత్తదానితో పలికి, కాస్త దిగగానే బ్రేక్‌డౌన్‌కి చాలక చిటపటలాడి ఆగిపోతుంది. రెండు బ్యాటరీలతో ప్లస్ 9, మైనస్ 9 చేసుకుని జంక్షన్‌ని ఆ 18 వోల్టుల మధ్య కట్టొచ్చు. పైగా అడాప్టర్ రొద ఉండదు. మాడ్యూళ్లను ఒకే పెట్టెలో బిగించే యూరోర్యాక్ పద్ధతి అయితే పవర్ ఇచ్చే రిబ్బన్ కేబుల్ మీద ఎర్ర చార మైనస్ 12 వైపు అని గుర్తుంచుకోండి. తిరగబడితే ఆప్-ఆంప్ పోతుంది, కాబట్టి రెండు లైన్లలోనూ ఒక్కో డయోడ్ వేయండి.

గెయిన్ వంద కావాలంటే టీఎల్072 ఆప్-ఆంప్ చిప్‌లోని రెండు సగాలకూ పదేసి చొప్పున పంచండి. ఒక్కదాని మీదే వేస్తే సుమారు 30 కిలోహెర్ట్జ్ దగ్గరే మొగ్గుతుంది, పై హోరు మొద్దుబారుతుంది. ట్రాన్సిస్టర్‌కీ ఆప్-ఆంప్‌కీ మధ్యలో 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ మరవకండి. అది లేకపోతే ఆ 8 వోల్టుల డీసీ నేరుగా ఆప్-ఆంప్‌ని ఒక మూలకు నెట్టేస్తుంది.

చెవుల విషయంలో, స్పీకర్ల విషయంలో రాజీ పడకండి. హోరులో పై స్థాయి శబ్దం నిండుగా ఉంటుంది, పై స్థాయి పలికే సన్న స్పీకర్లు, ట్వీటర్లు, దాన్ని ఎక్కువసేపు మోయలేవు. యూరోర్యాక్ సిగ్నల్ 10 వోల్టుల దాకా ఊగుతుంది. సౌండ్ కార్డుకి, మిక్సర్‌కి తగిలించే ముందు 100 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లతో వోల్టేజీ డివైడర్ వేస్తే ఒక వోల్టు లోపలికి దిగుతుంది. హెడ్‌ఫోన్ చెవికి పెట్టకుండా బల్ల మీద ఉంచి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా తిప్పండి.

అప్పుడు వినిపిస్తుండగానే ట్రాన్సిస్టర్‌ని సాకెట్లోంచి పైకి లాగండి. హోరు టక్కున తెగితే అది మీ జంక్షన్‌దే. సన్నగా గుయ్‌మని మిగిలితే అది కరెంటు నుంచి వచ్చిన 50 హెర్ట్జ్ హమ్, గ్రౌండ్ వైర్లు చూసుకోండి. ఇలా పరీక్షించిన ట్రాన్సిస్టర్లను మళ్లీ మామూలు డబ్బాలో కలపకండి. బ్రేక్‌డౌన్‌లో నడిచిన దానికి గెయిన్ తగ్గుతుంది, రేపు ఏ ఆంప్లిఫైయర్‌లోనో పెట్టి తప్పెక్కడో తెలియక వెతుక్కుంటారు. వేరే కవర్లో వేసి పైన ‘నాయిజ్’ అని రాసి పెట్టండి.