మద్రాసు కౌన్సిల్లో మీ ముత్తాతగారికి చెప్పిన నివాళిని వెతికి పట్టుకోవడం ఎలా?

విజయవాడ గవర్నర్‌పేటలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు రోజూ ఉండే పని. ఏడాదికి నాలుగైదు సంస్మరణ సంచికలు కూడా వస్తాయి. తలపాగా, కోటు, గొలుసు గడియారంతో ఉన్న ఫోటో ఒకటి బల్ల మీద పెట్టి, "మా ముత్తాతగారు బ్రిటిషు వాళ్ల టైములో ఎమ్మెల్యే అండీ. ఆయన పోతే అసెంబ్లీలో అందరూ లేచి నిలబడ్డారట, అది వెయ్యాలి" అంటారు. ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయో మొదట్లో నాకూ తెలీదు.

ముందు ఆ 'ఎమ్మెల్యే' సంగతి తేల్చుకోండి. 1937కి ముందు మద్రాసులో అసెంబ్లీయే లేదు. ఉన్నది లెజిస్లేటివ్ కౌన్సిల్, అందులో సభ్యుడు ఎమ్మెల్సీ. 1920లలో పేరు పక్కన ఎమ్మెల్యే అని ఉందంటే ఆయన ఢిల్లీ కేంద్ర శాసనసభలో కూర్చున్నాడన్నమాట, మద్రాసు సభలో మాట్లాడినవన్నీ అచ్చేసిన సంపుటాలు తిరగేసి లాభం లేదు. పాత లెటర్‌హెడ్డో, సత్రం గోడ మీది శిలాఫలకమో చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

తర్వాత తేదీ. ఇక్కడే అందరూ నీళ్లు నములుతారు. "మాకు ఆబ్దికం తిథే తెలుసండీ" అంటారు. తిథితో పాటు సంవత్సరం పేరు తెలిస్తే చాలు, పాత పంచాంగంతో లాగెయ్యొచ్చు. విభవ మార్గశిరమంటే 1928 డిసెంబరు మధ్య నుంచి 1929 జనవరి మొదటి పక్షం దాకా. అదే విభవలో మాఘమైతే 1929లోకి వచ్చేసినట్టే. విభవ అనగానే 1928 అని రాసేసుకుంటే ఏడాది తప్పుతుంది.

తేదీ దొరికినా ఆ రోజు రికార్డులో ఏమీ ఉండదు, కంగారుపడకండి. సభ ఏడాది పొడుగునా నడిచేది కాదు. ఆయన పోయాక సభ మళ్లీ ఎప్పుడు కూడిందో ఆ రోజు చూడాలి, అదీ మొదటి పేజీల్లో. ఇంకో చిక్కుంది. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక గవర్నర్ పాలన వచ్చింది. 1946 దాకా సభ కూర్చోలేదు. మీ పెద్దాయన ఆ మధ్యలో పోయి ఉంటే 1946 సమావేశాల మొదటి రోజులు చూడండి.

సంపుటాల కోసం మద్రాసు వెళ్లాలి. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్, కన్నెమరా లైబ్రరీ రెండూ దగ్గర దగ్గరే. కొన్ని సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి, ముందు అక్కడ వెతికి అప్పుడు రైలెక్కండి. వెతికేటప్పుడు మన స్పెల్లింగులు పనికిరావు. విజయవాడ అంటే బెజవాడ, కృష్ణా జిల్లా అంటే 'కిస్ట్నా'. 1925కి ముందు ఏలూరు కూడా కిస్ట్నా లెక్కే. ఒంగోలు వాళ్లు గుంటూరు జిల్లా కింద చూసుకోవాలి. పేరు ముందు 'ఎం.ఆర్.ఆర్.వై.' అని కనపడితే అది ఇంటిపేరు కాదు, మహారాజరాజశ్రీకి పొట్టి రూపం. చివర 'గారు' ఉంటే తెలుగాయన, 'అవర్గళ్' ఉంటే అరవాయన.

పేరు దొరికిందని ఎగిరి గంతెయ్యకండి, నేను వేసి దెబ్బతిన్నాను. అదే ఇంటిపేరు, అవే పొడి అక్షరాలు, అదే జిల్లా. నివాళి మొత్తం తెలుగు చేసి రెండు వందల కాపీలు వేశాక, ఆ ఇంటి పెద్దకోడలు చూసి "మా మామయ్యగారి నాన్న ప్లీడరు కాదే, వ్యవసాయం కదా" అంది. అది ఇంకొకాయనకి చెప్పిన నివాళి. ఆ పేజీ కోసి కొత్తది అతికించడానికి నాకూ మా ఆవిడకీ రెండు రాత్రులు పట్టింది. అందుకని నియోజకవర్గం, వృత్తి, బిరుదు (రావు బహద్దూరా, దివాన్ బహద్దూరా) మూడూ కలిస్తేనే టైపింగుకి ఇవ్వండి.

ఇక నివాళి చదవడం. కౌన్సిల్లో మొదట మాట్లాడేది అధ్యక్షుడు, స్పీకరు కాదు. స్పీకరు 1937లో బులుసు సాంబమూర్తిగారితో మొదలు. తర్వాత ప్రభుత్వం తరఫున ఒకరు, పార్టీల నాయకులు. సగం పొగడ్తలు ఎవరు పోయినా చెప్పేవే: మృదుస్వభావి, అజాతశత్రువు. కుటుంబాలకి అవే ముద్దు. నేను మాత్రం ఎదుటి పక్షం వాళ్లు ఏమన్నారో చూస్తాను. ఒకాయన గురించి అలాంటి సభ్యుడే, నీటి తీరువా మీద ప్రశ్న వెయ్యకుండా ఈయన ఒక్క సమావేశమూ వదిలేవాడు కాదు, మాకు విసుగొచ్చేది అన్నాడు. ఆ ముక్క పట్టుకుని పాత సంపుటాల సూచికలోకి వెళ్తే ప్రశ్నలు వరసగా దొరికాయి. సంచికలో నాలుగు పేజీలు వాటికే ఇచ్చాం, పొగడ్తలకి అర పేజీ చాలింది.

సభ్యులు లేచి నిలబడ్డారన్న మాట రికార్డులో ఉంటే ఒక్క వాక్యంగా ఉంటుంది. లేకపోతే వెయ్యొద్దు, ఎంత బతిమాలినా నేను వెయ్యను. ఉంటే కింద సంపుటం నంబరు, తేదీ, పేజీ తప్పకుండా వేయించుకోండి.

కనీసం మూడు నెలల ముందు రండి. పెద్దకర్మ కార్డంటే పూటలో ఇచ్చేస్తాను గానీ, ఇది అలా అయ్యే పని కాదు.