వైఫై లేకుండా ఫోన్ అప్‌డేట్

ఇంట్లో వైఫై ఉండదు, అప్‌డేట్ నొక్కితే ఫోనేమో వైఫైకి కలపమంటుంది. ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి కలపండి, మీ ఫోన్‌కి అదీ వైఫై కిందే లెక్క. మా ఇంట్లో అమ్మ ఫోన్‌లో డేటా ఎప్పుడూ మిగిలే ఉంటుంది, హాట్‌స్పాట్ దానిదే. అప్పటికీ ఆండ్రాయిడ్ ఫోన్ మొండికేస్తే, వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు నొక్కి ‘అన్‌మీటర్డ్’ (డేటాకి పరిమితి లేదని) ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే ‘లో డేటా మోడ్’ (డేటా తక్కువ వాడే సెట్టింగ్) ఆపాలి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వాళ్లు రాత్రి 12 దాటాక మొదలెడితే ఆ రోజు డేటా మొత్తం చేతిలో ఉంటుంది.

ముందు అప్‌డేట్ సైజు చూసుకోండి. 3 జీబీ ఉంటే ఇది కుదరదు. కోటా అయిపోయాక చాలా ప్యాక్‌లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, తెల్లారినా పూర్తవదు. అప్పుడు డేటా ప్యాక్ వేయించుకోవాల్సిందే.